బడ్డీ దగ్గర ఆక్టోపస్ ఉండగా చల్లటి నీళ్ళలో రెండో రెగ్యులేటర్ ఎందుకు? పోనీయా, హెచ్ వాల్వా, ట్విన్‌సెట్టా?

కొత్తీతగాడు

అందరికీ నమస్కారం. నేను ఇప్పటిదాకా డైవ్ చేసిందంతా వెచ్చటి సముద్రాల్లోనే. 28 డిగ్రీల నీళ్ళు, పల్చటి వెట్‌సూట్, వీపు మీద ఒక సిలిండర్, దానికి ఒక ఫస్ట్ స్టేజ్ (సిలిండర్ గాలి ఒత్తిడి తగ్గించేది), నోట్లో ఒక సెకండ్ స్టేజ్ (ఈ రెండూ కలిస్తేనే రెగ్యులేటర్), పక్కన పసుపు గొట్టంతో ఆక్టోపస్, అంటే జోడీగా దిగే బడ్డీకి ఇవ్వడానికి ఇంకో సెకండ్ స్టేజ్. అంతే సరంజామా. ఇప్పుడు ఒక లోతైన మంచినీటి సరస్సులో డ్రైసూట్ (ఒంటికి నీళ్ళు తగలనివ్వని సూట్) కోర్సు చేసి, తర్వాత అక్కడే 30 మీటర్ల దాకా దిగుదామని ప్లాన్ వేసుకున్నాను. పైన ఎండ కాస్తున్నా 15 మీటర్ల కింద నీళ్ళు 5 డిగ్రీలే ఉంటాయని చెప్పారు.

కోర్సు నేర్పేవాళ్ళు పంపిన నియమాల్లో ఒకటి నాకు మింగుడు పడడం లేదు. నీళ్ళు 10 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే ఒక్కొక్కరి దగ్గరా రెండు ఫస్ట్ స్టేజ్‌లు, వాటికి విడివిడిగా రెండు వాల్వ్‌లు ఉండి తీరాలట. 20 మీటర్లు దాటితే విడి గ్యాస్ కూడా ఉండాలట. లేకపోతే ఒడ్డునే కూర్చోమంటున్నారు. బడ్డీ దగ్గర ఆక్టోపస్ ఉంటుంది కదా? గాలి పంచుకుని పైకి రావడం మేమిద్దరం చాలాసార్లు ప్రాక్టీస్ చేశాం. మరి ఇంత హంగామా ఎందుకు?

సరే, తప్పదంటే ఏది తీసుకోవాలి? నాకు తెలిసినంతలో మూడు దారులున్నాయి. ఉన్న సిలిండర్‌కే రెండు నోళ్ళ హెచ్ వాల్వ్, లేదా పక్కన 3 లీటర్ల పోనీ (చిన్న విడి సిలిండర్), లేదా ఏకంగా ట్విన్‌సెట్ (జంట సిలిండర్లు). ఒక ఫ్రెండ్ అయితే చేతిలో ఇమిడే అర లీటర్ బాటిల్ చూపించి ‘ఇది చాలు, బరువు కూడా ఉండదు’ అన్నాడు. నిజానికి నాకు డ్రైసూట్ గురించే టెన్షన్‌గా ఉంది. దాని మీద ఇవన్నీ అంటే భయమేస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త విడమరిచి చెప్పగలరా?

చలిమునక

చల్లటి సరస్సుల్లో డైవింగ్ నేర్పడం నా పని. మీరు అడిగింది ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా. ఎందుకో తెలియకుండా పాటించే నియమాన్ని జనం రెండో వారానికే వదిలేస్తారు.

ముందు ఆ ఆక్టోపస్ సంగతి తేలుద్దాం. వెచ్చటి నీళ్ళలో గాలి అందకపోతే చాలామటుకు కారణం ఒక్కటే, గేజ్ చూసుకోకుండా సిలిండర్ ఖాళీ చేసుకోవడం. అప్పుడు బడ్డీ రెగ్యులేటర్‌కి ఏ జబ్బూ ఉండదు, ఇద్దరూ దాని మీద నిదానంగా పైకి రావచ్చు. చల్లటి నీళ్ళలో వచ్చే కష్టం వేరు. అక్కడ రెగ్యులేటర్ గడ్డకడుతుంది. సిలిండర్లో 200 బార్ దగ్గరున్న గాలి ఫస్ట్ స్టేజ్ దాటేసరికి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కన్నా ఓ 9, 10 బార్ మాత్రమే ఎక్కువగా ఉండాలి. అంత ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే గాలి చల్లబడుతుంది, ఒక్కో బార్‌కీ సుమారు 0.2 డిగ్రీ చొప్పున. నిండు సిలిండర్ అయితే 30 డిగ్రీలకు పైనే పడిపోతుంది. వెచ్చటి సముద్రంలో ఫస్ట్ స్టేజ్ లోహానికి చుట్టూ ఉన్న నీరే ఆ వేడి తిరిగి ఇచ్చేస్తుంది. 5 డిగ్రీల నీటి దగ్గర ఇవ్వడానికి వేడి ఎక్కడిది? స్ప్రింగ్ చుట్టూ చేరిన నీళ్ళు మంచవుతాయి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు, గొట్టంలో ఒత్తిడి పెరిగిపోతుంది, సెకండ్ స్టేజ్ ఆపలేక గాలి వదిలేస్తుంది. ఇదే ఫ్రీఫ్లో. ఒక్కోసారి గొడవ సెకండ్ స్టేజ్‌లోనే మొదలవుతుంది. మనం వదిలిన ఊపిరిలోని తేమ లోపలి లీవర్ మీద గడ్డకట్టి, అది తన చోటికి తిరిగి రాదు. ఎక్కడ మొదలైనా తర్వాత జరిగేది ఒకటే. గాలి పారేకొద్దీ ఇంకా చల్లబడుతుంది, చల్లబడేకొద్దీ ఇంకా గడ్డకడుతుంది. వాల్వ్ మూస్తే తప్ప ఆగదు.

ఇప్పుడు మీ ప్లాన్ చూద్దాం. 30 మీటర్ల దగ్గర మీ రెగ్యులేటర్ ఫ్రీఫ్లో అయింది. గుండె దడదడలాడుతూ బడ్డీ ఆక్టోపస్ అందుకున్నారు. ఆ క్షణం నుంచి ఇద్దరి గాలీ బడ్డీ ఫస్ట్ స్టేజ్ ఒక్కదాని గుండానే పారాలి. పైగా ఇద్దరూ కంగారులో మామూలు కన్నా చాలా ఎక్కువ పీలుస్తుంటారు. అదే చల్లటి నీళ్ళు, అదే లోతు, బహుశా అదే మోడల్ రెగ్యులేటర్. మీది గడ్డకట్టడానికి ఏ కారణాలున్నాయో అవన్నీ దానికి రెట్టింపుగా ఉన్నాయి. అదీ పోతే ఇద్దరికీ ఒక్క గుక్క మిగలదు. నియమం రాసినవాళ్ళు భయపడేది దీనికే. ఆక్టోపస్ తీసేయమని ఎవరూ అనరు. మీ దగ్గర ఇంకో దారి ఉంటే ముందు అది వాడి, బడ్డీ గాలిని ఆఖరికి అట్టేపెట్టుకోమంటారు.

ఫ్రీఫ్లో ఎలా ఉంటుందో చూడనివాళ్ళ కోసం ఒక సంగతి. 18 మీటర్ల దగ్గర ప్లాట్‌ఫామ్ మీద ఒక కుర్రాడి రెగ్యులేటర్ గడ్డకట్టింది. నాకు ముందు వినపడింది, ఆ తర్వాతే కనపడింది. మొహం చుట్టూ తెల్లటి బుడగలు, మాస్క్ అదురుతోంది, అతనికి నా చెయ్యి కూడా కనపడడం లేదు. నేను అతని గేజ్ పట్టుకుని చూస్తే ముల్లు కిందికి జారుతుండడం కంటికి తెలుస్తోంది. దూరంగా ఉన్న బడ్డీకి సైగ చేయడం, అతను వచ్చి ఆక్టోపస్ ఇవ్వడం, ఇవన్నీ ఆ హోరులో జరగాలి. ఆ కుర్రాడు చెయ్యి మెడ కిందికి పోనిచ్చి, రబ్బరు దండకి వేలాడుతున్న పోనీ రెగ్యులేటర్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. నేను వెనక వాల్వ్ మూశాను. ఒక్కసారిగా నిశ్శబ్దం. తర్వాత మామూలు వేగంతో పైకి వచ్చాం. ఒడ్డున అతని ఫస్ట్ స్టేజ్ మీద ఎండలో కూడా తెల్లటి పొర కరగకుండా కాసేపు అలాగే ఉంది.

ఇక మీ మూడు దారులు. హెచ్ వాల్వ్ (వై ఆకారంలోనూ వస్తుంది) అంటే ఒకే సిలిండర్‌కి రెండు నోళ్ళు, రెండు నాబ్‌లు. ఒకటి గడ్డకడితే దాన్ని మూసేసి రెండోదాని మీద ఊపిరి తీసుకుంటారు. తేలిక, చవక, బరువు పెరగదు. కానీ గ్యాస్ ఒకటే. మూయడానికి మీకు అర నిమిషం పడితే ఆ అర నిమిషం గాలి పోయినట్టే. నాబ్ అందకపోతే మొత్తం గోవిందా. అందుకే మీవాళ్ళు 20 మీటర్ల దాకా దీన్ని ఒప్పుకుని, ఆ తర్వాత విడి గ్యాస్ అడుగుతున్నారు. నాకైతే సబబుగానే ఉంది.

పోనీకి లెక్క వేసి చూపిస్తాను, అప్పుడు ఎవరి మాటా నమ్మక్కర్లేదు. కంగారులో నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకోండి, అది ఉపరితలం లెక్క. 30 మీటర్ల దగ్గర ఒత్తిడి 4 బార్ కాబట్టి అక్కడ నిమిషానికి 120 లీటర్లు. సర్దుకోవడానికి ఒక నిమిషం, 120. నిమిషానికి 9 మీటర్ల చొప్పున 5 మీటర్ల దాకా రావడానికి దాదాపు 3 నిమిషాలు, సగటు ఒత్తిడి 2.75 బార్, కాబట్టి 250 లీటర్ల దాకా. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే స్టాప్‌కి 135. ఆఖరి 5 మీటర్లు నిదానంగా ఒక నిమిషంలో రావడానికి ఇంకో 40. మొత్తం 545. నిండు 3 లీటర్ల పోనీలో 600 ఉంటాయి. సరిపోతుంది, కానీ మిగిలేదేమీ లేదు. అదే పోనీలో 150 బారే ఉంటే 450 లీటర్లు, స్టాప్ వదులుకోవాల్సిందే. మీ ఫ్రెండ్ చూపించిన అర లీటర్ బాటిల్‌లో 100 లీటర్లు. 30 మీటర్ల దగ్గర ఒక నిమిషం కూడా రాదు. దాన్ని ఇంట్లో పెట్టేయమనండి.

ట్విన్‌సెట్ మంచిదే, ముందు ముందు మీకు అవసరమూ రావచ్చు. కానీ డ్రైసూట్ నేర్చుకుంటున్న వారంలో అదీ ఇదీ కలిపి తగిలించుకోవద్దు. సూట్‌లో గాలి కాళ్ళ వైపు పరుగెత్తి తల్లకిందులైతే ఏం చేయాలో ముందు ఒంటికి పట్టాలి. నన్నడిగితే కోర్సు హెచ్ వాల్వ్‌తో లోతు తక్కువలో చేయండి. ఆ తర్వాత పోనీ కట్టుకుని 30కి వెళ్ళండి.

ఒంటిసిలిండర్

నేను కాస్త అడ్డం తిరుగుతాను, ఏమనుకోకండి. ఏళ్ళ తరబడి 4, 5 డిగ్రీల నీళ్ళలో ఒకే ఫస్ట్ స్టేజ్‌తో డైవ్ చేస్తున్నాను. మంచి డయాఫ్రమ్ (రబ్బరు పొరతో పనిచేసే) రెగ్యులేటర్, బయటి నీరు లోపలికి రాకుండా సీల్ చేసింది, ఏటా సర్వీస్. ఫ్రీఫ్లో నాకు ఎదురు కాలేదు. ఐస్‌లాండ్‌లో సిల్ఫ్రా పగులులో నీళ్ళు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలు. అక్కడ రోజూ టూరిస్టులు దిగుతూనే ఉంటారు.

నా భయమల్లా వేరే. కొత్తవాడికి ఇంకో సిలిండర్, ఇంకో గొట్టం, ఇంకో గేజ్ తగిలిస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పోనీ రెగ్యులేటర్‌ని అసలుదనుకుని నోట్లో పెట్టుకుని కిందికి దిగిపోయినవాళ్ళని చూశాను. మెయిన్ గేజ్ నిండుగా ఉంది కదా అని ధీమా, ఉన్నట్టుండి గాలి ఆగిపోతుంది. ఆ ప్రమాదం మీ ఫ్రీఫ్లో కన్నా తక్కువేం కాదు. నిదానంగా ఊపిరి తీసుకోవడం, లోతు తగ్గించుకోవడం, మంచి రెగ్యులేటర్. ఈ మూడూ ఉంటే సగం గొడవ ఉండదు.

స్పానర్ బాబాయ్

ఒంటిసిలిండర్ గారు చెప్పిన పోనీ తికమక నిజమే, దానికి విరుగుడు తేలిక. కింద రాస్తాను. కానీ ‘సీల్ చేసింది కాబట్టి గడ్డకట్టదు’ అనేది నేను ఒప్పుకోను. రెగ్యులేటర్లు విప్పి బిగించడమే నా బతుకుతెరువు, అందుకని నాకు కనిపించేది చెబుతాను.

సీల్ ఆపేది బయటి నీటిని. లోపలి తేమని ఎవరు ఆపాలి? సిలిండర్లో నింపే గాలిలో కూడా నీటి ఆవిరి ఉంటుంది. యూరప్ గాలి ప్రమాణం ఈఎన్ 12021 ప్రకారం 200 బార్ సిలిండర్‌కి ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. 12 లీటర్ల సిలిండర్లో 2.4 ఘనపు మీటర్ల గాలి. అంటే మొత్తం కలిపి 120 మిల్లీగ్రాములు, రెండు మూడు చుక్కలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కంప్రెసర్ ఫిల్టర్ మార్చాల్సిన టైమ్ దాటిపోతే దీనికి ఎన్నో రెట్లు వస్తుంది. అదంతా వెళ్ళి చేరేది వాల్వ్ సీటు దగ్గర, గాలి అన్నిటికన్నా చల్లగా ఉండే చోట. అక్కడ గడ్డకట్టే మంచుని ఏ డయాఫ్రమ్మూ, ఏ సిలికాన్ గ్రీజూ ఆపలేవు. ఎంత ఖరీదైన రెగ్యులేటర్ అయినా ఇంతే.

ఇంకోటి, ముద్రలు చదవండి. రెగ్యులేటర్ల యూరప్ ప్రమాణం ఈఎన్ 250లో 10 డిగ్రీల కన్నా తక్కువైతే చల్లటి నీళ్ళ కింద లెక్క. ఆ పరీక్ష చేసేది 4 డిగ్రీల నీళ్ళలో. ఫస్ట్ స్టేజ్ మీద 10 డిగ్రీలకు పైనే వాడాలన్న గుర్తు ఉంటే అది మీ సరస్సుకి పనికిరాదు. 250 పక్కన ఇంగ్లిష్ ‘ఏ’ ఉంటే ఇద్దరు ఒకేసారి పీల్చినా తట్టుకుంటుందని పరీక్షించారన్నమాట, అదీ 30 మీటర్ల దాకానే. ఆ గుర్తు లేని సెట్‌కి ఆక్టోపస్ తగిలించుకుని 5 డిగ్రీల నీళ్ళలో బడ్డీని కాపాడతానంటే నేను నమ్మను.

సిల్ఫ్రా పోలిక ఇక్కడ కుదరదండీ. అక్కడ 18 మీటర్లు దాటనివ్వరు. లోతు తగ్గితే పీల్చే గాలీ తగ్గుతుంది, చలీ తగ్గుతుంది. నిండు సిలిండర్, ఎక్కువ లోతు, గబగబా ఊపిరి, ఈ మూడూ కలిసేది డైవ్ మొదట్లో అడుగుకి చేరీచేరగానే. అప్పుడే జాగ్రత్తగా ఉండాలి. సగం ఖాళీ అయిన సిలిండర్ అంత చలి పుట్టించదు.

ఇక పోనీ తికమకకి విరుగుడు. దాని మౌత్‌పీస్ వేరే రంగుదీ, వేరే ఆకారందీ పెట్టించుకోండి. గ్లోవ్ వేసుకున్నా పెదవికి తేడా తెలియాలి. మెడలో దండకి వేలాడదీయండి. దిగేముందు బడ్డీ ముందు నిలబడి మెయిన్ రెగ్యులేటర్ నుంచి రెండు ఊపిర్లు తీసుకుంటూ మెయిన్ గేజ్ చూడండి, ముల్లు కిందికి పడుతోందేమో అని. మెయిన్ వాల్వ్ పూర్తిగా తెరవకపోతే అక్కడే దొరికిపోతుంది.

కొత్తీతగాడు

అమ్మో, ఇంత ఉందా. చలిమునక అక్కా, స్పానర్ బాబాయ్, ఇద్దరికీ థాంక్స్. ఒంటిసిలిండర్ గారి మాటలో కూడా నాకు నిజం కనిపించింది, అందుకే కోర్సు అయ్యేదాకా పోనీ జోలికి వెళ్ళను.

ఇంకొన్ని సందేహాలు. పోనీ వాల్వ్ తెరిచి దిగాలా, మూసి దిగాలా? ఒకరు తెరవాలంటారు, ఇంకొకరు మూయాలంటారు. బీసీడీ (తేలడానికి గాలి నింపుకునే జాకెట్) గొట్టం, డ్రైసూట్ గొట్టం ఏ ఫస్ట్ స్టేజ్‌కి పెట్టాలి? ఇంకోటి, మందపాటి గ్లోవ్స్‌తో వెనక నాబ్ తిప్పడం అసలు కుదురుతుందా? నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని చెయ్యి వెనక్కి పెట్టి చూశాను, భుజం అడ్డొస్తోంది.

చలిమునక

తమ్ముడూ, ఆ భుజం సంగతి ముందు చూద్దాం, మిగతావన్నీ దాని తర్వాతే. కుర్చీలో కూర్చుని చూస్తే అందదు. నీళ్ళలో సిలిండర్ కొంచెం పైకి జరిపి కట్టుకోవాలి, తల వెనక్కి వాల్చితే వాల్వ్ తగిలీ తగలనట్టుండాలి. మోచెయ్యి పక్కకి కాకుండా ముందు నుంచి పైకెత్తి, చెవిని రాసుకుంటూ వెనక్కి పోనివ్వాలి. డ్రైసూట్ బిగువుగా ఉంటే ఇంకో చేత్తో మోచేతిని తోయాలి. ఇది లోతు తక్కువ చోట, ఆ గ్లోవ్స్‌తోనే, ఆ సూట్‌తోనే చేతికి రావాలి. చేతికి రాలేదంటే హెచ్ వాల్వ్ వల్ల మీకు సగం ఉపయోగమే, ఆ నాబ్ మీ బడ్డీ మూయాలి. అలాంటప్పుడు బడ్డీ చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. వెచ్చటి నీళ్ళలో లాగా చేపల వెంట పడితే కుదరదు.

గొట్టాలు విడగొట్టండి. ఒక ఫస్ట్ స్టేజ్‌కి నోట్లో ఉండే రెగ్యులేటర్, బీసీడీ గొట్టం. రెండోదానికి బ్యాకప్ రెగ్యులేటర్, డ్రైసూట్ గొట్టం, గేజ్. ఏ వాల్వ్ మూసినా తేలడానికి ఇంకో దారి మిగులుతుంది. రెండూ ఒకదానికే పెడితే, అది మూసిన క్షణంలో ఊపిరి ఉంటుంది కానీ తేలే ఏర్పాటు ఉండదు. ఇంకో సంగతి, బీసీడీ బటన్ కూడా గడ్డకట్టి ఆగకుండా గాలి నింపేయగలదు. బటన్‌ని పొట్టి పొట్టిగా నొక్కండి, ఊపిరి లోపలికి పీలుస్తున్నప్పుడు నొక్కకండి. రెండు పనులూ ఒకేసారి చేస్తే గాలి పారకం పెరిగి ఫస్ట్ స్టేజ్ మీద భారం పడుతుంది. గొట్టాన్ని గ్లోవ్స్‌తోనే ఊడదీయడం కూడా అలవాటు చేసుకోండి.

పోనీ వాల్వ్ విషయంలో రెండు వర్గాలున్నాయి, నేను తెరిచి దిగే వర్గం. హోరులో ఉన్న మనిషి నాబ్ వెతుక్కోవడం నాకిష్టం లేదు. తెరిస్తే రెగ్యులేటర్ తనంతట తాను గాలి వదిలి, మీకు తెలియకుండా ఖాళీ కావచ్చు, అది నిజం. అందుకే దానికి వేరే గేజ్ ఉండాలి, దాన్ని దిగేటప్పుడు ఒకసారి, అడుగున ఒకసారి చూడాలి. మూసి దిగేవాళ్ళు కనీసం ముందు తెరిచి గొట్టంలో ఒత్తిడి నింపి ఆ తర్వాత మూయాలి. ఖాళీ గొట్టంతో లోతుకి వెళ్తే బయటి ఒత్తిడికి నీళ్ళు లోపలికి దూరతాయి, అవి వెళ్ళి ఫస్ట్ స్టేజ్‌లో గడ్డకడతాయి. అప్పుడు మీ రెండో దారి మొదటిదాని కన్నా ముందే పోతుంది.

ఒక చిన్న హెచ్చరిక. నింపుతున్నప్పుడు సిలిండర్ వేడెక్కుతుంది. 50 డిగ్రీల దగ్గర 200 బార్ చూపించింది 4 డిగ్రీల నీళ్ళలో 170 చిల్లరకి వస్తుంది. గాలి ఎక్కడికీ పోలేదు, అసలు అది నిండనేలేదు. పోనీని చల్లారాక, దిగబోయే ముందు చూసుకోండి. నేను వేసిన లెక్కలో మిగులు లేదని మర్చిపోకండి.

తాడుచివర

ఇప్పుడే చూశాను. మంచుపలక కింద దిగే అలవాటున్నవాణ్ణి. మీ సరస్సు తెరిచి ఉన్న నీళ్ళు కాబట్టి ఇవన్నీ మీకు వర్తించవు, కానీ కొన్ని పనికొస్తాయి.

మంచు కింద నేరుగా పైకి రావడం ఉండదు, కాబట్టి గ్యాస్ మూడు భాగాలు చేస్తాం. ఒకటి వెళ్ళడానికి, ఒకటి రావడానికి, ఒకటి ముట్టుకోకుండా ఉంచడానికి. డైవర్ ఒంటికి తాడు, ఆ తాడు పైన ఒక మనిషి చేతిలో. పక్కనే పూర్తిగా సిద్ధమై కూర్చున్న స్టాండ్‌బై డైవర్, అతని తాడు ఇంకా పొడవు. తాడు ఊడిపోతే డైవర్ వెతుక్కుంటూ తిరగకూడదు. మంచుపలక అడుగుకి చేరి అక్కడే కదలకుండా నిలువుగా ఉండాలి. స్టాండ్‌బై డైవర్ తన తాడు బిగించి మంచు కింద గుండ్రంగా ఈదుతాడు, ఆ తాడు ఎక్కడో ఒకచోట మనకి తగులుతుంది. రంధ్రాన్ని మూడు మూలలుగా కోస్తాం, మూలలో రెండు చేతులూ ఆనించి పైకి రావడం తేలిక.

అంటార్కిటికాలో మెక్‌మర్డో దగ్గర పరిశోధన కోసం దిగేవాళ్ళకి నీళ్ళు మైనస్ 1.8 డిగ్రీలు. వాళ్ళు వై లేదా హెచ్ వాల్వ్ మీద రెండు పూర్తి రెగ్యులేటర్లతో దిగుతారు. ‘హెచ్ వాల్వ్ కొత్తవాళ్ళ కోసం’ అని చులకనగా మాట్లాడేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

ట్విన్‌సెట్‌కి మారాక ఒకటి గుర్తుంచుకోండి. మంచుకో, రాతికో ఎడమ నాబ్ రాసుకుంటే అది మెల్లగా మూసుకుపోతుంది, మనకి తెలియదు. అడ్డు తగిలిన ప్రతిసారీ చెయ్యి పెట్టి చూడడం మాకు అలవాటు.

ఒంటిసిలిండర్

బాబాయ్, ఆ తేమ లెక్క నాకు కొత్త. నేను గాలి నింపించుకునే చోట ఫిల్టర్ రికార్డు అడుగుతాను. రెండో ఫస్ట్ స్టేజ్ పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, పోనీ మాత్రం ఇప్పటికీ కొత్తవాళ్ళకి తొందర అనే అంటాను. లోతుకి వెళ్ళకుండా ఉండడం కూడా ఒక మార్గమే కదా, దాన్ని ఎవరూ చెప్పరేం?

చలిమునక

చెప్పాను కదండీ, కోర్సు లోతు తక్కువలోనే అని. 30 మీటర్లు తర్వాతి సంగతి. అక్కడికి వెళ్ళాలనుకునే రోజున పోనీ ఉండాలి, లేదా వెళ్ళకూడదు. ఈ విషయంలో మనిద్దరం ఒకటే మాట మీద ఉన్నాం.

కొత్తీతగాడు

తేల్చుకున్నాను. హెచ్ వాల్వ్, రెండు ఫస్ట్ స్టేజ్‌లు, గొట్టాలు అక్క చెప్పినట్టు. కోర్సులో 15 మీటర్లు దాటను. నా పాత ఫస్ట్ స్టేజ్ మీద ముద్ర చూశాను, 10 డిగ్రీల గుర్తు ఉంది, కాబట్టి దాన్ని వెచ్చటి నీళ్ళకే ఉంచుతాను. ఆఖరి ప్రశ్న, బాబాయ్. ఒకే రోజు రెండు డైవ్‌లు ఉంటే మధ్యలో రెగ్యులేటర్‌ని ఏం చేయాలి? వేడినీళ్ళు పోయమని ఎక్కడో చదివాను.

స్పానర్ బాబాయ్

వేడినీళ్ళు పోయడం గాలి కూడా సున్నాకి దిగిన చోట, గడ్డకట్టిందాన్ని కరిగించడానికి. అక్కడ కూడా ఆ నీళ్ళు తుడవకపోతే మళ్ళీ గడ్డకడతాయి. అలాంటి చోట నీళ్ళపైన రెగ్యులేటర్ నుంచి ఊపిరి తీసుకోకూడదు, పర్జ్ బటన్ (సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే బటన్) నొక్కకూడదు. మీకు వేసవి కాబట్టి అంత అవసరం లేదు. రెగ్యులేటర్లని నీడలో, సెకండ్ స్టేజ్ నోరు కిందికి ఉండేలా వేలాడదీయండి, లోపలి నీళ్ళు కారిపోతాయి.

అసలు చూడాల్సింది సిలిండర్ మార్చేటప్పుడు. ఫస్ట్ స్టేజ్ మూత పెట్టేముందు దాన్ని గుడ్డతో పొడిగా తుడవండి. కొత్త సిలిండర్ వాల్వ్ మూతిలో వేలు పెట్టి తడి ఉందేమో చూడండి, ఉంటే తుడవండి. వాల్వ్‌ని ఒక్క క్షణం తెరిచి గాలి ఊదించి, అప్పుడు రెగ్యులేటర్ బిగించండి. రెండు నోళ్ళకీ విడివిడిగా చేయాలి, జనం రెండోదాన్ని మర్చిపోతుంటారు.